చేతిలో పెట్టిన ముక్కలు

"ఏరుకో అత్తమ్మా. నీ మొగనికి మందుగోలీలు గదా గవి. ఎండకు ఖరాబైతయి, ఏరుకో."

రాణి విసిరేసిన పేకముక్కలు వాకిలంతా చెదిరి పడ్డాయి. రెండు మూడు నీళ్ళ గోళెం పక్క తడిలో అతుక్కుపోయాయి. ఒకటి గాలికి లేచి, దొర్లి, మళ్ళీ పడింది.

కొమురమ్మ గడప మీద నుంచి లేవలేదు. కోడలి గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ వినిపించింది ఆమెకు. రెండు నెలలుగా ముసలాయన పక్కబట్టలు ఉతుకుతున్న చేతులవి. ఏ నోరు పెట్టుకుని తిడుతుంది?

"పైసలు వెట్టి ఆడినమా బిడ్డా?" అంది చివరికి.

"ఆ మాట నాకెందుకు, ఊరికి చెప్పు. నిన్న చర్చిల కూడిక అయినంక ఒక్కతన్న నా పక్కన నిలవడ్డదా? నేను చెప్పులేసుకుంటుంటె మాటలు బందు వెట్టిండ్రు. సంఘపెద్ద వెంకట్రాం సారు అందరికీ చెప్పిండట. పాపయ్యకు ప్రార్థన చెయ్యవోతె మంచం మీద పత్తాలాట నడుస్తున్నదని. ముప్పై ఏండ్లు గుడిల నిలవడి పత్తాలు ముట్టొద్దన్న మనిషి చేతుల ఐదు ముక్కలున్నయని."

"సారు జర కూసుంటె నేనే చెప్పేదాన్ని. గడపల నుంచే మర్లిపోయె."

"ఏం చెప్తవు? ఏమని చెప్తవు?"

రాణి కొంగుతో మొహం తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడు గట్టిగా వినిపించింది.

అంతలో రాజేందర్ బండి వచ్చి ఆగింది. గూడూరు మండలంలో లైన్‌మన్ పని అతనిది. భుజాన తాడు, చేతిలో హెల్మెట్ అలాగే పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ముక్కల మీద కాలు పడకుండా, వాటిని చూడనట్టే, పక్క నుంచి నడిచాడు.

"నాలుగింటికి అయ్యగారు వస్తనన్నడు," అన్నాడు గోడకు చెప్పినట్టు.

"రానీ. ఛాయ్ పెడ్త."

"ఛాయ్ తాగనీకి వస్తలేడవ్వా!" గొంతు పెరిగింది. వెంటనే తగ్గింది. "బాపు జాగల నన్ను పెద్దల కమిటీల తీసుకుందామనుకున్నరు. పోయిన వారం మాట గూడ అయింది. గిప్పుడు ఆపిండ్రు."

"గా కుర్చి మీద అంత పానమున్నదా నీకు?"

"కుర్చి గాదు. బాపు పేరు." రాజేందర్ తాడు దించి గోడకు తగిలించాడు. "నేను స్తంభమెక్కితె కింద నిలవడ్డోళ్ళు 'పాపయ్య కొడుకు' అంటరవ్వా, నా పేరు గూడ తెల్వదు వాళ్ళకు. ఆ ఒక్క పేరే ఉన్నది మనకు. భూములున్నయా, జాగలున్నయా?"

కొమురమ్మ లేచింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఒక్కొక్క ముక్కా ఏరడం మొదలుపెట్టింది. కొడుకు చూస్తూ నిలబడ్డాడు. వంగి సాయం చేయలేదు, ఆపనూ లేదు.

అసలు ఆ ఇంట్లో పేకముక్కలంటే అందరికన్నా ఎక్కువ అసహ్యపడాల్సింది కొమురమ్మే.

పెళ్ళయిన నాలుగో ఏడు పాపయ్య మూడు ముక్కలాటలో కోతకొచ్చిన వరి మడిని పందెం పెట్టాడు. ఇంట్లో చెప్పలేదు. తెల్లవారాక కొమురమ్మ గంజి తీసుకుని చేనికి వెళ్తే, అప్పటికే ఆరుగురు కొడవళ్ళతో మడిలోకి దిగి ఉన్నారు. ఎవరు మీరంటే, నీ మొగుణ్ణి అడుగమన్నారు. రాజేందర్‌ను చంకనేసుకుని, గట్టు మీద నిలబడి, తాను నాటిన వరిని పరాయివాళ్ళు కోసి కట్టలు కట్టి తీసుకుపోతుంటే సాయంత్రం దాకా చూసింది. ఆ వారమే గుడి మెట్లెక్కింది. ఏడాదికి పాపయ్య కూడా వచ్చాడు. బాప్తిస్మం తీసుకున్న రోజు తన దగ్గరున్న ముక్కలన్నీ గుడి ముందు కాల్చాడు.

తరువాత సంఘపెద్ద అయ్యాడు. ఈస్టరు ముందు శ్రమకాలం వచ్చిందంటే ఏదో ఒక సాయంకాలం, తాను జూదం ఎలా మానాడో ఆయన సాక్ష్యం చెప్పాల్సిందే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు తమ మొగుళ్ళను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు, పాపయ్య మాట వినిపించడానికి.

రెండు నెలల కింద పాపయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మానుకోట దవాఖానలో చేతికి బంతి ఇచ్చారు, ముఖం తిప్పుకున్నాడు. పూసలు ఇచ్చారు, తోసేశాడు. తొమ్మిదో రోజు పక్క మంచం వాళ్ళ చుట్టాలు నేల మీద కూర్చుని పేకాడుతున్నారు. పాపయ్య కళ్ళు వాళ్ళ చేతుల వెంట తిరగడం కొమురమ్మ చూసింది. దుప్పటి మీద పడి ఉన్న కుడిచేతి బొటనవేలు కదలడమూ చూసింది. చేతులకు కసరత్తు చేయించే అమ్మాయి కూడా చూసింది.

"ఇవే ఇయ్యి అమ్మా ఈయనకు. ఎట్లనన్న వేళ్ళు కదలాలె గదా," అంది ఆ పిల్ల.

బస్టాండు పక్క దుకాణంలో కొమురమ్మే అడిగి కొన్నది. దుకాణదారు ఏమనుకుంటాడో అని కాగితంలో చుట్టమంది. సారా సీసా దాచినట్టు సంచి అడుగున దాచి ఇంటికి తెచ్చింది. ఇప్పుడు పాపయ్య బొటనవేలూ, చూపుడువేలూ కలుస్తున్నాయి. ఐదు ముక్కలు విసనకర్రలా పట్టుకుంటున్నాడు. నిన్న మొన్నటి దాకా అదే ఆమెకు దేవుడు చేసిన మేలు.

*

పాస్టర్ జైపాల్ నాలుగింటికి ఒక్కడే వచ్చాడు. కమిటీని వెంట తేలేదు. జనగామ వైపు మనిషి. ముప్పై అయిదు దాటి ఉండవు. ఈ సంఘానికి వచ్చి రెండేళ్ళయింది. చెప్పులు బయట విడిచి, పాపయ్య మంచం పక్కన నేల మీదే కూర్చున్నాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు.

"వందనాలు పాపయ్యగారూ," అన్నాడు. పాపయ్య రెప్పలు ఆర్పాడు.

రాణి ఛాయ్ తెచ్చి ఇచ్చి, తలుపు పక్కన నిలబడింది. రాజేందర్ గోడకు ఆనుకున్నాడు. ఏరి తెచ్చిన ముక్కలు గూట్లో, ఒక రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. జైపాల్ వాటిని చూశాడు. చూసి ఛాయ్ గ్లాసు వైపు చూపు మార్చుకున్నాడు.

"అమ్మా, నేను తిట్టనీకి రాలేదు. మా నాయిన గూడ గిట్లనే మంచాన పడి పోయిండు. గా బాధ నాకెరికే."

"అయితె తప్పు ఏడున్నదో చెప్పుండ్రి అయ్యగారూ. పైస లేదు, పందెం లేదు. గెలిచినోళ్ళు లేరు, ఓడినోళ్ళు లేరు. ఆయన వేళ్ళు ఆడాలె, గంతే."

"సిలువ కింద సిపాయిలు ప్రభువు అంగీ కోసం చీట్లేసుకున్నరు గదమ్మా. పైన ఆయన పానం పోతుంటె కింద ఆట నడిచింది. మన పెద్దోళ్ళకు పత్తాలు కనవడితె అదే యాదికొస్తది."

"శిష్యులు గూడ చీట్లేసిండ్రు గద, యూదా జాగల ఇంకొకన్ని ఏరుకునేతందుకు. పోయినేడు మీరే చెప్పిండ్రు. చీటిల ఏం లేదు, పట్టిన మనసుల ఉన్నదన్నరు."

జైపాల్ నవ్వబోయి ఆగాడు. గ్లాసు కింద పెట్టాడు. ఈ మధ్య అతని కళ్ళ కింద నలుపు దిగిందని అప్పుడు గమనించింది కొమురమ్మ. ఎన్ని ఇళ్ళ పంచాయితీలు తిరిగి వచ్చాడో.

"నిజం చెప్తనమ్మా. కాగితం ముక్కల పాపమున్నదని మందిల నిలవడి చెప్పుమంటె నేను చెప్పలేను. నాకే నమ్మకం లేదు. గానీ మొన్న గీత వచ్చింది మా ఇంటికి. ఏడ్చుకుంట వచ్చింది."

"ఏ గీత? ఆటో రాజీవ్ పెండ్లామా?"

"ఆమెనే. రాజీవ్ పత్తాలు మాని మూడేండ్లాయె. ఈయన సాక్ష్యం ఇనే మానిండు. గిప్పుడు మళ్ళ మామిడితోటల ఆటో వెట్టి కూసుంటున్నడట. ఆమె అడిగితె ఏమన్నడో తెలుసా? పాపయ్య తాతనే ఆడవట్టె, నాదేముందే, అన్నడట."

బయట ట్రాక్టరు ఒకటి మిర్చి బస్తాలతో వెళ్ళిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

"నాకు పత్తాలతోని పంచాయితి లేదమ్మా. మీరు నిలవడ్డ గట్టు మీదికే గీత వచ్చి నిలవడ్డది. ఆమెకు నేనేం చెప్పాలె? ఆయనది వైద్యం, నీ మొగనిది జూదం అని చెప్పాల్నా? చెప్పిన. ఆమెకు సమజైంది. రాజీవ్‌కు సమజైతలేదు. సమజ్ చేసుకోవాలని గూడ లేదు వానికి."

ఇంతసేపూ కొమురమ్మ దగ్గర అన్నింటికీ జవాబులున్నాయి. దీనికి లేదు.

"ఏం చెయ్యమంటరు?"

"ఈ ఆదివారం ప్రభువు బల్ల ఉన్నది. మీరు లేచి ఒక్క మాట చెప్పుండ్రి, తెలవక చేసినం, తప్పైందని. ముక్కలు తీసేద్దాం. వేళ్ళకు ఇంకేదన్న చూద్దాం, నేను గూడ అడుగుత డాక్టర్లను. అటెన్క రొట్టె, రసం ఇంటికే తీసుకొచ్చి ఈయనకు ఇస్త."

"లేకుంటె?"

"లేకుంటె కమిటి ఊకోదమ్మా. రొట్టె, రసం ఇయ్యొద్దు, బల్లకు దూరం పెడ్తమంటున్నరు."

"మాటరాని మనిషినా?" అంది తలుపు పక్క నుంచి రాణి. అందరూ ఆమె వైపు చూశారు. రాణి తల దించుకుంది.

జైపాల్ మంచం మీదికి వంగాడు. "పాపయ్యగారూ, మీరే చెప్పుండ్రి. బల్ల తీసుకుంటరా? అవునంటె కండ్లు మూసి తెరువుండ్రి."

పాపయ్య కళ్ళు మూయలేదు. ఆయన మెడలో నరాలు లేచాయి. పెదవులు వంకర తిరిగాయి. రెండు నెలలుగా మూలుగు తప్ప మరేమీ పలకని నోటి నుంచి ఒక మాట ఊడిపడింది.

"క... కట్ట."

రాజేందర్ ముఖం మాడిపోయింది. "ఇన్నరా అయ్యగారూ? బల్ల అంటె కట్ట అంటున్నడు. పత్తాల కట్ట అడుగుతున్నడు. మొదలు వచ్చిన మాట గదే!"

జైపాల్ కూడా కళ్ళు దించుకున్నాడు. కొమురమ్మ గూట్లోంచి ముక్కలు తీసి భర్త ఎడమచేతికి అందించింది. పాపయ్య వాటిని విసిరికొట్టాడు. బ్యాండు తెగింది. ముక్కలు పాస్టరు ఒళ్ళోకి జారాయి.

"కట్ట... కట్ట..." కంటి కొన నుంచి నీళ్ళు చెవిలోకి కారిపోతున్నాయి.

అప్పుడు అర్థమైంది కొమురమ్మకు. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరది.

"కట్టయ్యనా?" అంది మెల్లగా.

పాపయ్య కళ్ళు మూసి, తెరిచాడు.

"వాని పేరు ఈ ఇంట్ల ఎత్తొద్దని బాపే చెప్పిండు!" అన్నాడు రాజేందర్.

"ఎవరీ కట్టయ్య?" జైపాల్ అడిగాడు.

కొమురమ్మ పాస్టరు ఒళ్ళో ముక్కలు ఒక్కొక్కటిగా తీస్తూ చెప్పింది. "మా సంఘపోడే. ఈయనకు తమ్ముని లెక్క ఉండెటోడు. పత్తాలాడుకుంట దొరికిండని ఈయనే మందిల పేరు చదివి బల్లకు దూరం వెట్టిండు. మళ్ళ గుడికి రాలే."

*

మర్నాడు పొద్దున్నే కొమురమ్మ ఆటో ఎక్కింది. రాజేందర్ వద్దన్నాడు. రాణి మాత్రం ఏమీ అనకుండా అత్త చేతిలో నీళ్ళ సీసా పెట్టింది. "ముసలాయనకు జావ నేను తాగిపిస్త, పో," అంది.

కట్టయ్య పక్క ఊరి చివర మిర్చి కల్లంలో కావలి ఉంటున్నాడు. నేలంతా ఎర్రగా పరిచిన కాయల మధ్య, పరదా కింద నులకమంచం. ఘాటుకు కొమురమ్మకు దగ్గు వచ్చింది. కట్టయ్య కాయలు తిరగేస్తున్న పార ఆపి చూశాడు. గడ్డం తెల్లబడింది. పన్నెండేళ్ళలో ఇరవై ఏళ్ళు పైబడ్డట్టున్నాడు.

"వదినె!" అన్నాడు. తరువాత ఏమనాలో తెలియక మంచం మీది బట్టలు పక్కకు జరిపాడు. "కూసో."

ఆమె కూర్చుంది. అతను నిలబడే ఉన్నాడు.

"అన్నకు పానం బాగలేదని ఇన్న. రావాలనుకున్న. ఏ మొకం పెట్టుకొని రావాలె?"

"నిన్ను పిలుస్తున్నడు."

"మాట వడిపోయిందన్నరు?"

"నిన్న వచ్చింది. మొదలు నీ పేరే వచ్చింది."

కట్టయ్య పార కింద పెట్టి, దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. మిరపకాయ ఒకటి తీసుకుని తొడిమ తుంపాడు.

"ఆనాటి సంగతి నీకు చెప్పిండా వదినె ఎన్నడన్న?"

"ఏముందీ చెప్పనీకి. చేను కాడి మోటరు అర్రల ఆడుకుంట దొరికితివి. అందరికీ ఎరికే గదా."

"నేను ఆడలే."

కొమురమ్మ అతని ముఖంలోకి చూసింది. ఆడినవాళ్ళు ఎలా మాట్లాడతారో ఆమెకు బాగా తెలుసు. వాళ్ళు ముందు ఒట్లు వేస్తారు. కట్టయ్య ఒట్టు వేయలేదు. కళ్ళు కూడా ఎత్తలేదు.

"క్రిస్మస్‌కు ముందట. మోటరు అర్రల నలుగురు ఆడుతుండ్రి. నేను బీడి తాగుకుంట చూస్తున్న. బయట వెంకట్రాం సారు గొంతినవడ్డది, సంఘపోళ్ళను వెంటేసుకొని వచ్చిండు. ఆడెటోళ్ళల్ల ఒకాయన దిగ్గున లేచిండు. చేతుల ముక్కలు ఏడ వెట్టాల్నో తెల్వలే ఆయనకు. నా చేతుల వెట్టిండు. 'జర పట్టుకోరా' అన్నడు. ఎనుక దర్వాజ తీసి చేన్లవడి పోయిండు. మిగిలిన ముగ్గురు పొరుగూరోళ్ళు, వాళ్ళకు మన గుడి సంగతి పట్టదు. వాళ్ళు లోపటికి వచ్చేటాళ్ళకు ముక్కలు నా చేతుల ఉన్నయి."

ఎవరాయన అని కొమురమ్మ అడగలేదు. అడగవలసిన అవసరం లేకపోయింది.

"ఒక్కనాడేనా?" అంది.

"ఆ ఎండకాలం నుంచి కూసుంటుండె. ఎప్పుడన్న ఒకసారి. పెద్ద పందేలు గాదు వదినె, అబద్ధమెందుకు. వరి మడులు పెట్టలే. గానీ కూసుంటుండె."

"ఆ వచ్చే ఆదివారమే నీ పేరు మందిల చదివిండు గదా."

"చదివిండు. చదువుకుంట నా దిక్కు చూడలే. కాయితం దిక్కే చూసిండు."

"నువ్వు ఎందుకు చెప్పలే? నోరు లేకుండెనా నీకు?"

కట్టయ్య తొడిమ లేని కాయను కుప్పలోకి విసిరాడు. "చెప్తె ఎవలు నమ్ముతరు? దొరికినోడు ఇంకొకని పేరు చెప్తడు గదా, అదే అనుకుంటరు. ఇంకోటి... అన్న సాక్ష్యం ఇని ఎంతమంది మానిండ్రో నాకెరికే. నేనూ గట్లనే మానిన. గది కూలగొట్టబుద్ధి కాలే. రెండు నెల్లకో, ఆర్నెల్లకో అన్ననే వస్తడు, చెప్తడు అనుకున్న. పన్నెండేండ్లాయె."

అతనే మళ్ళీ అన్నాడు.

"నా పెండ్లాం సచ్చిపోయిందాక నేను ఆడిన్ననే అనుకున్నది వదినె. ఆఖరికి దవాఖానల గూడ, నేను పోయినంక పత్తాల జోలికి పోకు అన్నది. పోను అన్న. ఇంకేమంట? భూపాలపల్లిల నా బిడ్డ, పిల్లగాండ్లను నా పక్కన ఎక్కువసేపు కూసోనియ్యది."

ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు కొమురమ్మకు. ముప్పై ఏళ్ళు ఆ సాక్ష్యం ఆమెకు కూడా ఆసరా. వరి పోయిన దుఃఖానికి అర్థం దొరికిందక్కడే. పాపయ్య మందిలో లేచి 'నా భార్య కన్నీళ్ళు నన్ను మార్చినయి' అన్నప్పుడల్లా కొంగు సర్దుకుని తల ఎత్తి కూర్చున్నది తానే. చివరి పన్నెండేళ్ళు కూడా అలాగే కూర్చుంది.

"వస్తవా?" అంది లేస్తూ. "మీ అన్న పిలిచిండు. నేనూ పిలుస్తున్న."

"వస్త. గానీ ఊకె చూసి పోనీకి రాను వదినె. గా ముచ్చట బయట పడాలె. మీ ఇంట్ల గాదు, గుడిల. నా బిడ్డను పిలుచుకుంట, ఆమె ఇనాలె."

"గది బయటపడితె రాజీవ్ లాంటోళ్ళు ఏమైతరు కట్టయ్యా? ఇప్పటికే ఒక సాకు దొరికె వానికి. పాపయ్య మాటే అబద్ధమంటె ఇంకెవలు ఆపుతరు వాళ్ళను?"

"గందుకే ఇన్నేండ్లు నోరు మూసుకున్న." కట్టయ్య పార అందుకుని లేచాడు. కోపం లేదు గొంతులో. బరువు మోసి మోసి దించుకోవాలనుకునే మనిషి గొంతు అది. "ఇంక నాతోని గాదు వదినె. నువ్వు ఇంటికి పోయి ఆయన్నే అడుగు. ఆయన సరే అంటె కబురు పెట్టు."

*

ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. రాజేందర్ డ్యూటీకి వెళ్ళకుండా వాకిట్లోనే తిరుగుతున్నాడు.

"ఏమన్నడు?"

"నీళ్ళు తాగనీ," అంది. తాగకుండానే లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

పాపయ్య మేలుకునే ఉన్నాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన కళ్ళు ఆమె వెనక ఎవరినో వెతికాయి.

"రాలే. కల్లం కాడనే ఉన్నడు." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ముక్కలు వాని చేతుల వెట్టింది నువ్వేనా?"

దవాఖానలో బంతి ఇస్తే ముఖం తిప్పుకున్న మనిషి. మందు చేదైతే, స్నానం నీళ్ళు చల్లగా ఉంటే, ఇష్టం లేనిదేదైనా ముఖం తిప్పుకునే మనిషి. ఇప్పుడు తిప్పుకోలేదు. ఆమె కళ్ళలోకే చూస్తూ, తన కళ్ళు మూశాడు. తెరిచాడు.

కొమురమ్మ ఏడవలేదు. ఏడుపు కూడా ఓపిక ఉన్నవాళ్ళకే వస్తుందేమో.

"నేను పక్కన కూసున్న గదయ్యా ప్రతిసారి," అంది. "నువ్వు చెప్తుంటె నేను తల ఎత్తుకొని కూసున్న. నాకన్న చెప్పొద్దా?"

పాపయ్య పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"వాడు గుడిల చెప్పుమంటున్నడు. నువ్వు చెప్పలేవు. చెప్తె నేనే చెప్పాలె. నీ పేరు పోతది. నీ కొడుకు పేరు పోతది. చెప్పాల్నా?"

పాపయ్య ఎడమచెయ్యి లేచి ఆమె మణికట్టును పట్టుకుంది.

తలుపు తోసుకుని రాజేందర్ వచ్చాడు. చేతిలో ఫోను. వెనకే రాణి.

"అయ్యగారు లైన్ల ఉన్నడు. కమిటి కూసున్నదట, ఆదివారం సంగతి ఇప్పుడే చెప్పాల్నట. ఒప్పుకో అవ్వా. తప్పైందంటె అయిపోతది. మళ్ళ అంత మునుపటి లెక్కనే ఉంటది."

"ఇయ్యి."

రాజేందర్ స్పీకరు నొక్కి ఫోను తల్లి ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు.

"వందనాలు అయ్యగారూ. ఆదివారం వస్తం. ఈయన్ని గూడ చక్రాల కుర్చీల కూసోవెట్టి తీసుకొస్త."

"చాల సంతోషమమ్మా." పాస్టరు గొంతులో ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "మరి ఆ మాట... తప్పైందన్న మాట..."

"చెప్త. గానీ మీరనుకున్న తప్పు గాదు. గీతను, రాజీవ్‌ను తప్పకుంట రమ్మనుండ్రి. వెంకట్రాం సారును గూడ."

అవతల ఏదో అడుగుతున్నాడు పాస్టరు. ఆమె కొడుక్కి సైగ చేసింది, చాలని. రాజేందర్ ఫోను దించాడు.

"మీరనుకున్న తప్పు గాదంటె ఏందవ్వా? ఇంకేం తప్పున్నది?"

రాణి అత్త ముఖం చూసింది, మామ ముఖం చూసింది. చూసి, మొగుడి చెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనక్కి లాగింది.

"అవ్వా! నిన్నే అడుగుతున్న. బాపు ఏం చేసిండు?"

పాపయ్య వేళ్ళు ఆమె మణికట్టు మీద ఇంకా బిగుసుకున్నాయి. గోళ్ళు దిగుతున్నాయి. ఆ చెయ్యి చెప్పమంటోందో, వద్దని ఆపుతోందో, ముప్పై ఏళ్ళకు పైగా ఆ మనిషితో కాపురం చేసిన కొమురమ్మకు తెలియలేదు.

ఆమె ఆ చేతిని విడిపించుకోలేదు. "కట్టయ్యకు కబురు పెట్టు, ఆదివారం రమ్మను," అంది కొడుకుతో.